వెన్నుపూసలో సిమెంటు: బెల్టా, మామూలు ఇంజెక్షనా, బెలూనా? ఏది మేలు?

మా అమ్మకి 72. కదిరిలో వాకిట్లో కళ్ళాపి చల్లుతా జారి కూలబడింది, వారం మాత్రలు మింగితే తగ్గింది, అందరం మర్చిపోయాం. రెండు నెలలకి మళ్ళీ నడుము పట్టుకుంది. పడుకుంటే ఏమీ ఉండదు, లేచి కూర్చోబోతే మాత్రం కేక. బెంగళూరు పిలుచుకొచ్చి కేఆర్ పురంలో దగ్గర్లో ఒకాయనకి చూపిస్తే వయసు, గ్యాస్ అని టానిక్ రాసిచ్చాడు. ఇంకోచోట ఎంఆర్ఐ, సీటీ తీస్తే తెలిసింది, డి12 పూస (పక్కటెముకలుండే భాగంలో అన్నిటికన్నా కింది పూస) నలిగి, రక్తం అందక లోపల ఎముక చచ్చిపోయి, మధ్యలో సందు పడి, ఆ సందులో గ్యాస్ చేరిందంట. అంటే గ్యాస్ అన్న ఆయన మాట ఒకరకంగా నిజమే, చోటే తప్పు!

దీన్ని కుమ్మెల్ జబ్బు అంటారు, జర్మనీ సర్జన్ హెర్మన్ కుమ్మెల్ 1890లలోనే చెప్పాడు. పడిన రోజు కాదు, వారాలు నెలలు పోయాక బయటపడటమే దీని గుణం.

ముందు బెల్టు సంగతి. కొత్తగా విరిగిన పూసలు చాలావరకు బెల్టు, నొప్పి మాత్రలతోనే అతుక్కుంటాయి, అందుకే మొదటి వారంలోనే సిమెంటు అని ఎవరైనా తొందరపెడితే నేనైతే ఇంకో డాక్టర్ని అడుగుతా. 2009లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఉత్తుత్తి ప్రొసీజర్ చేసినవాళ్ళకీ, నిజంగా సిమెంటు వేసినవాళ్ళకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. కానీ అవి మామూలు ఫ్రాక్చర్లు. చచ్చిన ఎముక అతుక్కోదు, సందు అట్లే ఉండి లేచినప్పుడల్లా పూస లోపల కదులుతానే ఉంటుంది. అమ్మ ఐదు వారాలు బెల్టు కట్టింది, ఒరుసుకుపోయి పొక్కులొచ్చాయి గానీ నొప్పి పోలా.

ఇక మామూలు ఇంజెక్షన్, వర్టిబ్రోప్లాస్టీ. 1984లో ఫ్రాన్స్‌లో మొదలైంది. బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, ఎక్స్‌రేలో చూసుకుంటా సూదితో సిమెంటు ఎక్కిస్తారు, నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు, అక్రిలిక్ లాంటిది, మోకాలు మార్పిడిలోనూ ఇదే వాడతారు. అమ్మ మాత్రం "మూడు దినాలు నీళ్ళు కొట్టాల్నా దానికి?" అని డాక్టర్నే అడిగేసింది.

బెలూన్ పద్ధతి కైఫోప్లాస్టీ. ముందు బెలూన్ ఊదించి చోటు చేసి, తర్వాత చిక్కటి సిమెంటు నింపుతారు. పూస ఎత్తు కొంచెం తిరిగొస్తుంది, సిమెంటు పక్కకి కారే ప్రమాదం తక్కువ. కిట్ రేటు మాత్రం బాగా ఎక్కువ. ఇక్కడే నా అభిప్రాయం: కుమ్మెల్‌లో సందు ఆల్రెడీ ఉంది కదా, సిమెంటు ఎక్కువ ఒత్తిడి లేకుండానే అందులోకి పోతుంది, నొప్పి తగ్గడంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. గూని బాగా పడితేనో, పూస వెనక గోడ పగిలుంటేనో బెలూన్ గురించి అడగండి. రెండిట్లోనూ ఒక భయం ఉంది, సిమెంటు చుట్టూ ఎముకని పట్టుకోకుండా ముద్దలా ఉండిపోతే తర్వాత చోటు తప్పి పక్కకి జరిగిపోవచ్చు, కాబట్టి సందు నింపి వదిలేస్తారా, చుట్టుపక్కల ఎముకలోకీ పోనిస్తారా అని తప్పకుండా అడగాలి.

కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటేలు పట్టు తప్పినా ఈ లెక్కలేవీ పనికిరావు, ఒక్కరోజు కూడా ఆగకుండా పోవాలి, అప్పుడు స్క్రూలు వేసే ఆపరేషన్ మాట వస్తుంది.

మేము మామూలు ఇంజెక్షనే చేయించాం. సాయంత్రానికి తనే లేచి బాత్రూమ్‌కి నడిచింది. బెలూన్ కిట్ వద్దనుకోవడంతో మిగిలిన డబ్బు డెక్సా స్కాన్‌కీ (ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే పరీక్ష), ఎముక బలానికి ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్‌కీ పెట్టాం, ఎందుకంటే సిమెంటు పడింది ఒక్క డి12లోనే, మిగతా పూసలన్నీ పాత బోలు ఎముకలే.