సోమశిలలో మా చెంబు ఎత్తిపోతల పథకం

ఆగస్టులో సోమశిల పోవద్దని కొల్లాపూర్ చుట్టాలు చెప్పనే చెప్పారు. శ్రీశైలం డ్యామ్ నిండితే అవతలి సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది, మళ్లీ ఎండాకాలంలోనే తేలుతుంది. మాకు కావలసింది నిండు కృష్ణ. బయల్దేరాం.

గది ఒడ్డుకు దగ్గర, కిటికీ తీస్తే నది. పన్నెండొందలు ఇచ్చినందుకు బాధ లేదు. రాత్రి వానకు కప్పు కారింది. పనిచేసే అబ్బాయి మంచం జరిపి, బాత్రూం బకెట్ తెచ్చి కింద పెట్టాడు. తెల్లారి స్నానానికి బకెట్ అడిగితే "అండ్ల నీళ్లున్నయి గద సార్" అన్నాడు. తప్పుపట్టడానికి లేదు.

అసలు కథ పడవ దగ్గర. ముందురోజు మాట్లాడుకున్న నాటు పడవ తొట్టిలా నిండి ఉంది. మా బావమరిది ఇంజినీరు. ఐదు చదరపు మీటర్ల పడవ, ఐదు సెంటీమీటర్ల వాన, అంటే 250 లీటర్లు, పావు టన్ను అని లెక్క తేల్చాడు. "చెంబులెందుకు, పైపు చాలు" అని ఎక్కడిదో తోట పైపు తెచ్చాడు. దాని నిండా నీళ్లు పట్టి ఒక కొస పడవలో, ఇంకో కొస నదిలో వేశాడు. జోరుగా పారింది. కాకపోతే అటునుంచి ఇటు! తేలే పడవలో నీళ్లు బయటి నది మట్టం కంటే కిందే ఉంటాయి, పైపు పల్లానికే పారిస్తుంది మరి. పడవ అన్న బీడీ తీసి, "కృష్ణంతా ఈ పడవలకే తెస్తరా ఏంది సార్?" అన్నాడు.

అడుగున బిరడా పీకేద్దామా అని మావాడు మళ్లీ అడిగాడు.

"ఒడ్డుకు గుంజినంక పీకితే నీళ్లు పోతయి. నీళ్లమీద పీకితే మనం పోతం."

పక్కనే ఇద్దరు చేపలోళ్లు పుట్టిని, అదే గుండ్రటి బుట్ట పడవని, చెరోవైపు పట్టి బోర్లించారు, ఖాళీ! నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ పోయారు. నాటు పడవ అలా బోర్లదు. కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు కృష్ణను ఎత్తుతుంటే, ఇక్కడ మేము.

అన్న చూపించిన పనిముట్టు ఐదు లీటర్ల నూనె డబ్బా. మూత బిగించి, పిడి ఉంచి, అడుగు ఏటవాలుగా కోశాడు. పిల్లలందర్నీ వెనక కూర్చోబెట్టాడు, నీళ్లన్నీ అటు చేరాయి. డబ్బా అడుగంటా గీకుతూ ఒక్కో తోపుకు రెండు మూడు లీటర్లు లాగింది. నా చేతికి చెంబిచ్చారు. చివరి తడి పాత బనీనుతో ఒత్తి పిండాం. గంట పట్టింది.

విహారం అరగంట. లైఫ్ జాకెట్లు ఇచ్చారు, తడివే. ఎర్రనీళ్లు, కొండలు, చినుకులు, బాగుంది. మధ్యాహ్నం చేపల పులుసు ఇంకా బాగుంది, అన్నమే చల్లారింది.

పడవ డబ్బులిస్తే అన్న వంద వెనక్కిచ్చాడు. "ఇది మీ కూలి సార్."

మా ఇంజినీరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.