స్టాక్‌ఫిషా, లీలానా?

రాయగడలో మా కుర్రాళ్లు, చెస్ ప్రోగ్రాములే ఒకదానితో ఒకటి ఆడే కంప్యూటర్ చెస్ పోటీకి దిగుదామన్నారు. స్టాక్‌ఫిష్, లీలా అనే రెండు ప్రోగ్రాముల్లో దేన్ని దింపాలన్నదే ప్రశ్న. ఉన్నదేమో గ్రాఫిక్స్ కార్డు లేని పాత డెస్క్‌టాప్. ఆట మధ్యలో కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ సరేసరి.

స్టాక్‌ఫిష్‌కి మామూలు ప్రాసెసర్ చాలు, సెకనుకు లక్షల పొజిషన్లు తిరగేస్తుంది. 2020లో ఉదాహరణల నుంచి నేర్చుకునే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ చేరాక దాని అంచనా ఇంకా పదునెక్కింది.

లీలా తీరే వేరు. 2018లో మొదలై, తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది. చూసే ఎత్తులు తక్కువే. అయినా ఒక బంటుని ఊరికే వదిలేసి, మెల్లగా అవతలి రాజుకి ఊపిరాడకుండా చేస్తుంది. నాకైతే దాని ఆటే ముద్దు. 2019లో టీసీఈసీ అనే చెస్ ప్రోగ్రాముల పోటీ సూపర్‌ఫైనల్లో స్టాక్‌ఫిష్‌నే ఓడించింది. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే నత్తనడకే.

ఆ కార్డు కొనే డబ్బులు మా దగ్గరెక్కడివి? స్టాక్‌ఫిష్‌నే దింపుతున్నాం.