హంటర్ 350, వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్, ఎక్స్‌పల్స్ 200: విశాఖ మెరకలకూ ఉప్పుగాలికీ ఏది మేలు?

వంద, నూటపాతిక సీసీ బండి మీద నాలుగైదేళ్లు తిరిగి, ఈసారి కాస్త పెద్దది తీసుకుందామని షోరూంకి వెళ్లేవాళ్లు ముందు హార్స్‌పవర్ అడుగుతారు, ఆ తర్వాత మైలేజీ అడుగుతారు. విశాఖలో అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఇంజిన్ ఏ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర లాగడం మొదలుపెడుతుంది? చక్రాలు స్పోకులవా, అల్లాయ్‌వా? మెరక ఎక్కకుండా, ఉప్పుగాలి తగలకుండా ఈ ఊళ్లో ఏ బండికీ రోజు గడవదు. అందుకే ఈ రెంటికీ జవాబు దొరికితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

వాడకం ఇలా అనుకుందాం. వారమంతా గాజువాక నుంచి మధురవాడకో రుషికొండకో ఆఫీసు. నెలకోసారి అరకు గానీ లంబసింగి గానీ. అప్పుడప్పుడు వెనక ఒక మనిషి. దీనికి తరచూ పోటీకి వచ్చే మూడు బండ్లు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350, సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ.

హంటర్‌ది 349 సీసీ ఇంజిన్. పవర్ 20 హార్స్‌పవర్ చిల్లర, టార్క్ (లాగే బలం) 27 ఎన్‌ఎం, అదీ 4000 ఆర్పీఎం దగ్గరే. బరువు 181 కిలోలు, సీటు ఎత్తు 790 మి.మీ. వీ-స్ట్రోమ్‌ది 249 సీసీ ఇంజిన్. పవర్ 26 దాటుతుంది, టార్క్ మాత్రం 22.2 ఎన్‌ఎం, అది పూర్తిగా రావాలంటే 7300 ఆర్పీఎం దాకా తిప్పాలి. బరువు 167 కిలోలు, సీటు 835 మి.మీ. ఎక్స్‌పల్స్‌కి 19 హార్స్‌పవర్, 6500 దగ్గర 17.35 ఎన్‌ఎం. మూడింట్లో తేలికైనది ఇదే, 160 కిలోలకు లోపే.

కాగితం మీద వీ-స్ట్రోమ్ గెలిచింది. ఇప్పుడు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కండి. ముందు లోడు లారీ, వెనక మనిషి, బ్యాగు, వేగం గంటకు ఇరవై. మలుపులో లారీ ఇంకా నెమ్మదించింది. హంటర్ అయితే సెకండ్ గేర్‌లోనే ఉండి, యాక్సిలరేటర్ కాస్త ఇస్తే చాలు, దుక్కిటెద్దులా లాక్కుపోతుంది, క్లచ్ ముట్టుకోవాల్సిన పనే ఉండదు. వీ-స్ట్రోమ్ అదే సెకండ్‌లో వణుకుతుంది. దాని బలం ఉన్న ఆర్పీఎం ఇంకా చాలా పైనుంది కాబట్టి ఫస్ట్‌కి దించాలి. అలవాటు లేనివాళ్లు గేరు దించకుండా హాఫ్ క్లచ్‌తో నెట్టుకొస్తారు. అక్కడే క్లచ్ ప్లేట్లు కాలేది. మాడిన వాసన వచ్చిందంటే పక్కన ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. తర్వాత లివర్ చివర ఖాళీ (ఫ్రీ ప్లే) కొలుచుకోండి. చాలా బండ్లకు 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉండాలి, మీ బండి లెక్క మాన్యువల్లో ఉంటుంది. ఖాళీ లేకుండా కేబుల్ బిగుసుకుని ఉంటే చదును రోడ్డు మీద కూడా క్లచ్ జారుతూనే ఉంటుంది.

దిగేటప్పుడూ ఇదే తేడా. పెద్ద సింగిల్ సిలిండర్ యాక్సిలరేటర్ వదిలితే బండిని గట్టిగా పట్టి ఆపుతుంది. హంటర్‌ని సెకండ్‌లో వదిలేసి బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే తాకుతూ దిగొచ్చు. వీ-స్ట్రోమ్‌లోనూ గేరు దించి ఆర్పీఎం 5000 పైన ఉంచితే బాగానే పట్టుకుంటుంది, కాకపోతే ఆ మోతకి భయపడి చాలామంది టాప్ గేర్‌లో దిగుతూ బ్రేకులు కాలుస్తారు. ఇంజిన్‌కి ఆ తిప్పుడు వల్ల ఏమీ కాదు. నిజంగా దెబ్బ తగిలేది హంటర్‌ని ఫోర్త్‌లో ముప్పైకి ఈడ్చినప్పుడు. టకటకమని కొట్టుకునే ఆ శబ్దం వింటే వెంటనే ఒక గేరు దించాలి.

ఊళ్లో మెరకల సంగతి వేరు. ఎత్తు మీద సిగ్నల్ పడి ఆగినప్పుడు కాలు పూర్తిగా ఆనకపోతే ఎంత బలమున్న బండైనా పక్కకి వాలుతుంది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి 835 మి.మీ. సీటు మీద రెండు కాళ్లూ మునివేళ్ల మీదే ఆనతాయి, వెనక మనిషి ఎక్కితే స్ప్రింగు దిగి కొంచెం నయం. టెస్ట్ రైడ్‌ని షోరూం ముందు చదును రోడ్డుతో సరిపెట్టకండి. దగ్గర్లోని ఏటవాలు వీధికి తీసుకెళ్లి, సగం మెరకలో ఆపి, వెనక బ్రేకు మీద కాలుంచి మళ్లీ కదిలించి చూడండి. ఆ తర్వాత దిగి, పల్లం వైపు ముఖం పెట్టి, స్టాండ్ తీసి, బండిని వెనక్కి లాగి చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గర రోజూ చేయాల్సింది ఇదే. 181 కిలోలకూ 160 కిలోలకూ తేడా అక్కడ నడుముకి తెలుస్తుంది. ఏటవాలులో ఎప్పుడైనా ముందు చక్రం మెరక వైపు ఉంచి, ఫస్ట్ గేర్ వేసి నిలబెట్టండి. పల్లం వైపు ముఖం పెట్టి న్యూట్రల్‌లో ఉంచితే బండి ముందుకు జారి, స్టాండ్ ముడుచుకుని పడిపోతుంది.

హైవే మీదకొస్తే హంటర్ లొంగుతుంది. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు మీద 85 దాకా హాయి, అది దాటితే హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో వణుకు, ఛాతీ మీద గాలి. వీ-స్ట్రోమ్‌కి ఆరు గేర్లు, ముందు అద్దం, నిటారు కూర్చోడం ఉన్నాయి. వంద దగ్గర గంటసేపు పోయినా ఒళ్లు నొప్పి రాదు. వెనక కూర్చునేవాళ్లకు మూడింట్లో సుఖమైన సీటు కూడా దీనిదే. హంటర్ వెనక సీటు పొట్టిగా, స్ప్రింగు గట్టిగా ఉంటుంది. 2025లో వెనక సస్పెన్షన్ మార్చి, కింద ఎత్తు (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ) కూడా పది మి.మీ. పెంచి 160 చేశారు కాబట్టి పాతది తీసుకునేవాళ్లు ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ల మీద తిప్పాకే డబ్బు కట్టండి.

ఎక్స్‌పల్స్ గురించి నిజాయితీగా చెప్పాలంటే, వంజంగి లాంటి చోట తారు అయిపోయాక మిగిలే బురద, రాళ్ల దారిలో మిగతా రెండూ దాని కాలిగోటికి చాలవు. 220 మి.మీ. కింద ఎత్తు, ముందు 21 అంగుళాల చక్రం, 190 మి.మీ. సస్పెన్షన్ ప్రయాణం అందుకే ఉన్నాయి. అక్కడికి ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లు మాత్రం మిగతా 363 రోజులూ సన్నటి సీటు, 80 దాటితే అరిచే ఇంజిన్ భరించాలి. పైగా చక్రం బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్ ముందు చక్రానికే (సింగిల్ ఛానెల్) ఉంది కాబట్టి వానలో వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం జారుతుంది.

ఇక ఉప్పు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

బీచ్ రోడ్డు, భీమిలి, మల్కాపురం, పెదజాలారిపేట వైపు బయట నిలిపే బండి మీద రాత్రికి రాత్రి సన్నటి ఉప్పు పొర దిగుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది కాబట్టి వాన లేని రోజుల్లోనూ తుప్పు ఆగదు. ముందు పట్టేది స్పోకు తలల దగ్గర, వాటిని రిమ్ముకి బిగించే చిన్న నట్లైన నిప్పల్స్‌లో. ఏడాది రెండేళ్లకు నిప్పల్ స్పోకుకి అతుక్కుపోతుంది. చక్రం వంకర తీయడానికి మెకానిక్ కీ వేసి తిప్పితే నిప్పల్ తిరగదు, స్పోకు పుటుక్కున విరుగుతుంది. ఎక్స్‌పల్స్‌తో, హంటర్ చౌక రకమైన రెట్రోతో ఈ చిక్కు ఉంది. రెండింటిలోనూ ట్యూబ్ టైర్లే. ట్యూబ్ పంక్చర్ ఘాట్‌లో అయితే చక్రం ఊడదీయాలి, టైరు లివర్లు రెండు మూడు కావాలి, పంపు కావాలి. ఎక్స్‌పల్స్ వాళ్లు 21 అంగుళాల ట్యూబ్ ఒకటి దగ్గరుంచుకుంటే అవసరానికి వెనక 18 అంగుళాల చక్రంలోనూ సర్దుకోవచ్చు. వీ-స్ట్రోమ్, హంటర్‌లో ఖరీదైన రకమైన మెట్రోలకు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు పీకి, రంధ్రం గీకి, జిగురు రాసిన స్ట్రిప్పు దూర్చి, గాలి కొట్టుకుంటే పావుగంటలో బయల్దేరొచ్చు.

రెండోది ఫోర్కు రాడ్లు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఆడే కడ్డీలు. హంటర్‌కి రబ్బరు తొడుగులు ఉన్నాయి, వీ-స్ట్రోమ్‌వి బయటికే ఉంటాయి. మెరిసే రాడ్డు మీద ఇసుక రేణువంత తుప్పు చుక్క వచ్చిందంటే, అది పైకీ కిందకీ ఆడిన ప్రతిసారీ ఆయిల్ సీల్ పెదవిని గీస్తుంది. తర్వాత నూనె కారి డిస్కు మీదకి, ప్యాడ్ల మీదకి వస్తుంది. అందుకని వీ-స్ట్రోమ్ తీసుకునేవాళ్లు వారానికి రెండుసార్లు తడి గుడ్డతో రాడ్లు తుడిచి ఆరబెట్టాలి. తొడుగు ఉందని హంటర్‌ని వదిలేయడానికీ లేదు, లోపల నీళ్లు నిలుస్తాయి. నెలకోసారి కింది అంచు పైకి లేపి తుడవండి.

మిగతా పని మూడింటికీ ఒకటే. వారానికోసారి మంచినీళ్లతో కడగాలి, ప్రెషర్ గన్ హబ్బు బేరింగుల మీదా చైన్ మీదా నేరుగా కొట్టకూడదు. చైన్‌ని పెట్రోల్‌తో అసలు కడగొద్దు, లంకెల మధ్య ఉండే ఓ-రింగులు అనే రబ్బరు రింగులు ఉబ్బి పగులుతాయి. చైన్ క్లీనర్ వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, గుడ్డతో పూర్తిగా ఆరబెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ లోపలి వైపు నుంచి లూబ్ కొట్టాలి. ఇంజిన్ మాత్రం ఆపేసి ఉండాలి, తిరిగే చైన్‌లో వేళ్లు పోయినవాళ్లున్నారు. 500 కిలోమీటర్లకోసారి, వానాకాలం 300కే. బీచ్‌లో తడి ఇసుక మీదకి బండిని దింపితే అదే రోజు సైలెన్సర్ కింది వైపు, బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లేది), బ్రేకు కాలిపర్ పిన్నులు కడిగి తీరాలి.

డబ్బు దగ్గర ఒక్క విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆపై వాటికి 40 అయింది. లక్ష రూపాయల మూల ధర మీద ఒకదానికి 18 వేలు, ఇంకోదానికి 40 వేలు పన్ను. ఈ మూడూ లోపలే ఉన్నాయి. 452 సీసీ హిమాలయన్ వైపు చూసేవాళ్లు ఆ తేడా కలుపుకోవాలి. 40 హార్స్‌పవర్ అద్భుతమే గానీ, 196 కిలోలు ఎన్‌ఏడీ జంక్షన్‌లో రోజూ ఈడ్చే బరువు కాదు. ఆన్‌రోడ్ ధర అడిగినప్పుడు కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరని గుర్తుంచుకోండి. విలువైన యాక్సెసరీలంటూ కలిపే లెగ్ గార్డు, సీటు కవరు మాత్రం మీ ఇష్టం.

ఇంతకీ ఏది? ఒంటరిగా, ఊళ్లోనే ఎక్కువ, మనిషి కాస్త పొట్టి అయితే హంటర్, అదీ మెట్రో. ఇంట్లోవాళ్లతో కలిసి నెలనెలా ఘాట్, మధ్యలో హైవే ఉంటే వీ-స్ట్రోమ్. దాని గేర్లు వాడటం వారంలో అలవాటవుతుంది, హంటర్ వెనక సీటు మాత్రం ఎన్నేళ్లకీ మెత్తబడదు. కొండదారి మట్టిలో దిగడమే మీ సరదా అయితే, ఇంట్లో ఇంకో బండి ఉంటే, ఎక్స్‌పల్స్.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే ఏ బండైనా మొదట మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటుతో కింద నుంచి చూడండి. సైలెన్సర్ అడుగు, నిప్పల్స్, ఫోర్కు రాడ్డు మీద వేలు జరిపితే తగిలే గరుకు, బ్యాటరీ టెర్మినల్ దగ్గర తెల్లటి లేదా పచ్చటి పొడి. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మధ్యలో టక్కుమని ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయినట్టు. కొత్తగా నల్ల పెయింట్ కొట్టిన బెండ్ పైపు, దాని పక్కనే తల తినేసిన బోల్టులు కనిపిస్తే, కిలోమీటర్లు ఎంత తక్కువ చూపినా ధర మాట ఎత్తకుండా లేచి వచ్చేయండి.