పలక నాది, చిరునామా వాళ్లది

ఉద్యానవనంలో 40 చెట్లకు పేర్ల పలకలు చేసే పని నెత్తికెత్తుకున్నాను. ఒక్కో పలక మీద ఒక క్యూఆర్ కోడ్. ఫోను చూపిస్తే ఆ చెట్టు వివరాలు రావాలి. వెబ్‌లో దొరికిన ఒక ఉచిత సేవతో చకచకా చేసేశాను. రంగులు, నడుమ ఆకు బొమ్మ, హంగులకు కొదవ లేదు. మూడో వారానికి ఏ చెట్టు దగ్గర ఫోను పెట్టినా ఒకటే పేజీ: ‘ఉచిత గడువు ముగిసింది, చందా కట్టండి’.

కోడ్‌లో ఉన్నది నా పేజీ చిరునామా కాదు, ఆ సంస్థ పొట్టి చిరునామా. వచ్చినవాళ్లు ముందు వాళ్ల గుమ్మం తొక్కి, అక్కడి నుంచి నా దగ్గరికి రావాలన్నమాట. అచ్చుకు ఇచ్చేముందు ఒక్కసారి చదివి చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ. అసలు క్యూఆర్ కోడ్‌కు గడువన్నదే ఉండదు. జపాన్‌లో దీన్ని 1994లో రూపొందించినవాళ్లు పేటెంట్ ఉండి కూడా వాడుకకు సొమ్ము అడగలేదు!

రెండోసారి లిబ్రెఆఫీస్ రైటర్‌లో చేశాను, అది కంప్యూటర్‌లో పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. 2020లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచీ అందులో క్యూఆర్ కోడ్ చేసే సదుపాయం ఉంది. ఖాతా తెరవనక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఎందరు చూశారన్న లెక్క రాదు, అచ్చయ్యాక చిరునామా మార్చలేము. చెట్లు ఎక్కడికీ పోవు కనుక నాకు ఇది చాలు.

కోడ్ చేసేందుకు తెర మీద తెరుచుకునే చిన్న పెట్టెలో దోష సవరణకు నాలుగు మెట్లు ఉన్నాయి. అన్నిటికంటే పైమెట్టులో కోడ్ దాదాపు 30 శాతం చెడినా ఫోను చదువుతుంది. వాన, గీతలు, పిట్టల రెట్టలు తప్పవు కనుక అదే ఎంచుకున్నాను. కాని అది ఊరికే రాదు, కోడ్‌లోని నలుపు తెలుపు గడులు పెరుగుతాయి. నా మొదటి చిరునామా 90 అక్షరాలు. వరుసకు 53 గడులు పడి, ఇసుక చల్లినట్టు కనిపించింది. 24 అక్షరాలకు కుదిస్తే 29 గడులే. అదే పలక మీద ఒక్కో గడి దాదాపు రెట్టింపు అయింది. బార్డర్ అన్నచోట 4 వేశాను. చుట్టూ ఆ తెల్లని ఖాళీ లేకపోతే కోడ్ ఎక్కడ మొదలైందో ఫోను తడుముకుంటుంది. ఆకుపచ్చ మోజు వదులుకుని తెలుపు మీద నలుపే ఉంచాను. మెరిసే లామినేషన్ కూడా వద్దనుకున్నాను. సాయంత్రం ఎండ పడితే అందులో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు.

కోడ్ కింద చిరునామాను అక్షరాల్లోనూ వేయించాను. వారానికోసారి ప్రతి పలక అంచునూ గోటితో గీకి చూస్తాను. ఇంత అనుమానమేమిటని ఇంట్లో నవ్వారు. పోయిన నెల ఒక పలక మీద గోరు తగులుకుంది. నా కోడ్ మీద సరిగ్గా అదే కొలతకు కత్తిరించిన మరో కోడ్. ఫోను చూపించిన చిరునామాకూ కింద అచ్చయినదానికీ పొంతన లేదు. తెరవకుండానే పీకేశాను, జిగురు ఇంకా తడిగా ఉంది.