దేవదారు అడవి ప్యాకేజీ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మనవాళ్లు ఈ వేసవికి ఉత్తరాఖండ్ ప్యాకేజీలు బుక్ చేస్తున్నారని తెలిసి రాస్తున్నాను. మేం నలుగురం తలకి 21,500 కట్టి మోసపోయి వచ్చాం. ఏజెంటు మన తెలుగువాడే, అందుకే నమ్మాం.

కాగితం మీద ఉన్నది "జాగేశ్వర్ పరిసరాల్లో ప్రాచీన దేవదారు వనం, 2 రాత్రులు" అని. జాగేశ్వర్ అంటే అక్కడ పాత శివాలయాలున్న కొండ ఊరు. ఆ "పరిసరాల్లో" దగ్గరే నేను ఆగాల్సింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో నిజాముద్దీన్, ఢిల్లీలో రాత్రి బండెక్కి కాఠ్‌గోదాం, అక్కడ జీపు. తీరా దింపింది అల్మోరా కింద ఒక లాడ్జిలో. జాగేశ్వర్ ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు!

పొద్దున్నే గైడు "ఫారెస్ట్ ఎంట్రీ" అని మనిషికి 200 తీసుకుని లాడ్జి వెనక వాలులోకి నడిపించాడు. రసీదు లేదు. అమ్మ గట్టిగా గాలి పీల్చి, "దేవదారంటే ధూపం వాసనొస్తుందనుకున్నాను, ఇదేంట్రా పెయింట్ కొట్టు వాసన" అంది. చూస్తే చెట్ల మొదళ్లకి గాట్లు పెట్టి, కింద చిన్న డిప్పలు బిగించి ఉన్నాయి. జిగురు బొట్టుబొట్టుగా కారుతోంది. టీ కొట్టాయన నవ్వాడు. అవి చీడ్ చెట్లట, అంటే పైన్. ఆ జిగురుని అక్కడ లీసా అంటారు, టర్పెంటైన్ తీసేది దాన్నుంచే.

గుర్తుపట్టడం తేలికే. చీడ్ ఆకు జానెడు సూది, మూడేసి కలిసి ఉంటాయి. దేవదారు ఆకులు వేలి కణుపంత, గుత్తులుగా ఉంటాయి. దేవదారు కాయలని గైడు ఒక్కోటి 50 చొప్పున ఆరు అంటగట్టాడు కూడా. దేవదారు కాయ చెట్టు మీదే రేకులుగా విడిపోయి రాలుతుంది, అలా నిండుగా కింద పడదట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మర్నాడు 3,000 పెట్టి మేమే ట్యాక్సీ మాట్లాడుకుని జాగేశ్వర్ వెళ్లాం. 1,870 మీటర్ల ఎత్తు, లోయలో వందకి పైగా రాతి గుళ్లు, చుట్టూ నిటారుగా అసలైన దేవదార్లు. మధ్యాహ్నం పన్నెండుకి కూడా నేల చల్లగా ఉంది. అమ్మ ఏమీ మాట్లాడకుండా ఒక చెట్టుకి దండం పెట్టుకుంది.

మీరు కొంటే, రాత్రి బస ఏ ఊళ్లో, ఏ హోటల్లో అన్నది పేరుతో రాయించుకోండి. అడ్వాన్స్ ఆ తర్వాతే. దేవదారు కట్టెముక్కలు అమ్మచూపితే ముట్టుకోకండి. అక్కడ 1,000 మీటర్ల ఎత్తుకి పైన పచ్చని చెట్టు కొట్టడాన్ని 1981లోనే నిషేధించారు, ఆ ముక్క ఎక్కడిదో మనకేం తెలుసు?

డబ్బు వెనక్కి అడిగితే ఏజెంటు "పరిసరాలనే రాశాం కదా సార్" అంటున్నాడు. కాయలు ఆరూ టీవీ స్టాండు మీదున్నాయి. 300 పెట్టి కొన్నవి, పారేయడానికి చెయ్యి రావట్లేదు.