బురదలో ఇంజిన్ వేడెక్కితే: ఫ్యానా, ప్రెషర్ క్యాపా?

లోతు బురదలో బండి ఫస్ట్ గేర్‌లో, సగం పట్టిన క్లచ్‌తో నడుస్తుంది. ఇంజిన్ శ్రమ ఎక్కువ, రేడియేటర్‌కి తగిలే గాలి తక్కువ. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మరిగి ఓవర్‌ఫ్లో పైపులోంచి బుసబుసమంటూ ఆవిరి వస్తుంది.

దీనికి రెండు దారులు. ఎక్కువ ప్రెషర్ క్యాప్, అంటే ఎక్కువ ఒత్తిడి దాకా తెరుచుకోని రేడియేటర్ మూత, పెట్టడం తేలిక. 1.1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) బదులు 1.8 బార్ క్యాప్ వేస్తే కూలెంట్ ఇంకాస్త ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. కానీ ఇంజిన్ వేడి మాత్రం తగ్గదు. పాత గొట్టాలుంటే ఆ ఒత్తిడికి పగలొచ్చు కూడా.

రెండోది, రేడియేటర్‌కి బిగించే కరెంటు ఫ్యాన్. ఇది నిజంగా వేడిని లాగేస్తుంది, బండి ఆగినా గాలి ఆడుతుంది. నా ఓటు దీనికే. బరువు, వైరింగ్, బ్యాటరీ భారం తప్పవనుకోండి. ఒక్క షరతు: రేడియేటర్ రెక్కల మధ్య బురద గట్టిపడితే ఫ్యాన్ తిరిగినా గాలి దూరదు. ఆగినప్పుడల్లా మెత్తని బ్రష్‌తో, రెక్కలు వంగకుండా, ఆ మట్టి దులపాలి.

ఏది పెట్టినా సరే, వేడిగా ఉన్నప్పుడు క్యాప్ తిప్పకండి. మరుగుతున్న కూలెంట్ ఎగజిమ్మి ముఖం కాల్చేస్తుంది.