మూడో ఏడాది దాకా ఉంచగలిగితేనే మాంటిస్సోరీ

మా అమ్మాయి రెండున్నరేళ్లప్పుడు మాంటిస్సోరీ బడిలో (పిల్లలు సామానుతో పనిచేస్తూ తమంతట తామే నేర్చుకునే పద్ధతి) చేరి, ఆరేళ్లు నిండేదాకా అక్కడే చదివింది. ఇప్పుడు మామూలు బడిలో రెండో తరగతి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు అడ్మిషన్ల సీజన్ రాగానే నన్ను అడుగుతుంటారు, మా పిల్లల్ని కూడా పంపమంటావా అని. పంపమనే అంటాను. కానీ మూడో ఏడాది పూర్తయ్యేదాకా ఉంచే ఉద్దేశం ఉంటేనే.

ముందు బడి నేమ్‌బోర్డు సంగతి. మాంటిస్సోరీ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. మన ఊళ్లలో ఆ పేరున్న బళ్లు చాలావాటిలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని వేరువేరు గదులే, రోజూ హోంవర్కే. అసలు పద్ధతిలో రెండున్నర నుంచి ఆరేళ్ల దాకా పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. ఫీజు కంటే ముందు అడగాల్సింది ఇదే. ఆ తర్వాత, పొద్దున పని సమయం ఎంతసేపని అడగండి. మధ్యలో గంట కొట్టకుండా దాదాపు మూడు గంటలు ఉండాలి. నేర్పే ఆంటీకి ఏఎంఐ (అసోసియేషన్ మాంటిస్సోరీ ఇంటర్నేషనల్) లాంటి సంస్థ ఇచ్చిన డిప్లొమా ఉందో లేదో కూడా కనుక్కోండి. ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరీయే 1929లో పెట్టిన సంస్థ అది.

మొదటి ఏడాది తల్లిదండ్రులకు కష్టంగానే ఉంటుంది. ఇంటికి ఒక్క వర్క్‌షీటూ రాదు. ఏం చేశావమ్మా అంటే నీళ్లు పోశాను, గుడ్డ మడతపెట్టాను, శనగలు గిన్నెలోంచి గిన్నెలోకి వేశాను అని చెప్పేది. మా అత్తమ్మ ఒకరోజు అడిగేశారు, "ఈ పనులు ఇంట్లో నేర్పలేమా, ఇంత ఫీజెందుకు కట్టాలి?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంట్లో మనకు తొందర. చొక్కా గుండీలు మనమే పెట్టేస్తాం, గ్లాసు మనమే అందిస్తాం. అక్కడ ఒక గుండీ పెట్టుకోవడానికి పావుగంట పట్టినా ఎవరూ చెయ్యి వేయరు. పైగా చెక్క దిమ్మె గుంటల్లో ఇమిడే సిలిండర్లుంటాయి, వాటికి చిన్న చిన్న పిడులుంటాయి, వాటిని మూడు వేళ్లతోనే పట్టి తీయాలి. పెన్సిల్ పట్టడానికి చెయ్యి ముందే తయారయ్యేది అలాగే.

నాకు బాగా నచ్చింది లెక్కల సామాను. స్పిండిల్ బాక్స్ అని ఒక చెక్కపెట్టె ఉంటుంది, 0 నుంచి 9 దాకా పది అరలతో. పుల్లలు మొత్తం 45. ఏ అంకె అరలో ఆ అంకెకు సరిపడా పుల్లలు వేసుకుంటూ పోవాలి. సరిగ్గా వేస్తే చివరికి చేతిలో ఏమీ మిగలదు. ఎక్కడైనా తప్పితే పుల్లలు మిగలడమో చాలకపోవడమో జరుగుతుంది కాబట్టి ఎవరూ తప్పని చెప్పక్కర్లేదు, పిల్లే మళ్లీ మొదలుపెడుతుంది. సున్నా అర మాత్రం ఖాళీగానే ఉంటుంది. ఆ రోజుల్లోనే మా అమ్మాయి ప్లేటు ఖాళీ చేసి "అమ్మా, ఇప్పుడు సున్నా ఇడ్లీలు" అంది. సున్నా అంటే ఏమిటో నేనెప్పుడూ దానికి చెప్పలేదు.

మూడో ఏడాది బంగారు రంగు పూసలతో నాలుగంకెల కూడికలు చేసింది. విడి పూస ఒకటి, కడ్డీ అంటే పది, పలక అంటే వంద, ఘనం అంటే వెయ్యి. విడి పూసలు పదకొండు అయితే పదింటిని బ్యాంకులో, అంటే పూసలన్నీ ఉంచే చోట, ఇచ్చి ఒక కడ్డీ తెచ్చుకోవాలి. ఇప్పుడు బడిలో టీచర్ "ఒకటి వేసి, ఒకటి చేతిలో పెట్టుకో" అంటే, ఆ చేతిలో పెట్టుకున్నది పది అని దానికి తెలుసు.

చాలామంది ఈ మూడో ఏడాదినే వదులుకుంటున్నారు. పెద్ద బళ్లలో ఒకటో తరగతికి సీట్లు మిగలవన్న భయంతో యూకేజీకే మార్చేస్తారు. మా అమ్మాయి గదిలోంచి కూడా చాలామంది అలాగే వెళ్లిపోయారు. ఆ భయం నాకూ తెలుసు. కానీ మొదటి రెండేళ్లు పెద్దపిల్లల్ని చూసి నేర్చుకున్న పిల్ల, మూడో ఏడాది తనే చిన్నపిల్లలకు చూపిస్తుంది. మా అమ్మాయి ఒక బాబుకు లేసు ముడి వేయడం నేర్పింది. వాడికి వచ్చేదాకా రోజూ వాడి పక్కనే కూర్చునేదట. ఆ నమ్మకం ఇంకే తరగతిలోనూ దానికి దొరికేది కాదని నా అభిప్రాయం.

"విదేశీ పద్ధతి మనకెందుకు?" అనే మాట కూడా వింటుంటాను. మొదటి బడి 1907లో రోమ్‌లోనే పెట్టారు, నిజమే. కానీ మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు, కొంతకాలం కొడైకెనాల్‌లో గడిపారు. కాబట్టి ఆ మాటతో నాకు పేచీ ఉంది.

నా అసలు ఫిర్యాదు తెలుగు గురించి. మేం చూసిన బళ్లన్నిటిలో గరుకు అక్షరాలు, అంటే పిల్లలు వేలితో తడిమే ఉప్పు కాగితం అక్షరాలు, ఇంగ్లీషువే. నిజానికి వేలితో రాస్తూ ధ్వని పలికే ఈ పద్ధతి తెలుగుకు ఇంకా బాగా కుదురుతుంది, అక్షరం ఎలా ఉంటే అలాగే పలుకుతాం కదా. చిక్కల్లా పెట్టెలోని విడి అక్షరాలతో పదాలు పేర్చడం దగ్గర వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్ని వరసగా పేరిస్తే చాలు. తెలుగులో గుడి పైన కూర్చోవాలి, ఒత్తు కిందికి రావాలి. దానికి వేరే పెట్టె కావాలి, అది ఏ బడిలోనూ కనపడలేదు. మా మామయ్య ఉప్పు కాగితం కొని అక్షరాలు కోసి అట్టల మీద అంటించారు, ఒత్తులు విడిగా కోశారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బళ్లలో తెలుగు తప్పనిసరి. ఒకటో తరగతిలో ఆ అట్టలే మమ్మల్ని ఒడ్డెక్కించాయి.

బడి మారినప్పుడు కొంత ఇబ్బంది ఉంటుంది. పాఠం మధ్యలో లేచి నీళ్లు తాగడానికి వెళ్తోందని, బోర్డు మీదిది ఎక్కించుకోవడంలో నెమ్మదిగా ఉందని కొత్త బడి నుంచి ఫోన్లు వచ్చాయి. దసరా సెలవుల తర్వాత సర్దుకుంది. ఫీజు మా వీధి బడి కంటే బాగా ఎక్కువ. బదిలీల ఉద్యోగమైతే, లేదా సాయంత్రం ఇంట్లో ఎలాగూ ట్యూషన్ పెట్టాలనుకుంటే, ఆ డబ్బు పెట్టకండి.

చేర్చే ముందు గదిలో ఓ మూల కూర్చుని గంటసేపు చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ చేర్చొద్దు. ఒప్పుకుంటే ఆంటీని కాదు, పిల్లల్ని చూడండి. వాళ్లు పని అయ్యాక చెప్పకుండానే సామాను తీసుకెళ్లి అదే అరలో పెట్టి వస్తుంటే ధైర్యంగా ఫీజు కట్టేయండి.